పెద్దది నడిచినంత మేర

119వ రోజు

ఇవాళ మా గుమ్మం నుంచి గీత దాకా 1,640 అడుగులు. పోయిన నెల 2,210 ఉండేవి. నమ్మబుద్ధి కాక ఎండలో మళ్లీ నడిచాను. రెండోసారి నాలుగు అడుగులు ఇంకా తక్కువ వచ్చాయి. మూడోసారి నడిచే ధైర్యం చేయలేదు.

గీత కంటికి కనిపించదు, కాలికే తెలుస్తుంది. మా గూడెంలో అందరి కుడికాలికీ హద్దుల కచేరీ వాళ్లు తొడిగిన కడియం ఉంది. గీతకు పది అడుగుల దూరంలో అది జుయ్‌మంటుంది. దాటితే తొడ దాకా తిమ్మిరెక్కి మనిషి అక్కడే కూలబడతాడు. పెద్దదాని మెడకు కూడా ఒక పట్టీ ఉంది. అది ఎటు నడిస్తే గీత అటు జరుగుతుంది. అమావాస్య మధ్యాహ్నం కచేరీ కొత్త గీత గీస్తుంది. ఆ నెలలో పెద్దది అడుగుపెట్టిన చోటల్లా దానిది, మిగిలింది మాది. చట్టం అంతే.

పులి అన్న మాట మా గూడెంలో నోట పలకరు. కచేరీ కాగితాల్లో దాని పేరు ఆడ-47. మాకు పెద్దది.

నేను, చిగుర్ల ఈదమ్మను, ఈ గూడేనికి జాడమనిషిని. దుర్భిణి పట్టుకుని గట్టు మీద కూర్చోవడం, పెద్దది ఎక్కడ పడుకుంది, ఏం చంపింది, ఎప్పుడు లేచింది రాసి సాయంత్రం వైర్‌లెస్‌లో కచేరీకి చదివి వినిపించడం నా పని. ఆ పుస్తకం కచేరీది. ఇది నాది. అందులో పట్టనివి ఇందులో రాసుకుంటాను, ముఖ్యంగా తిట్లు.

119 అంటే దారి మూసుకుపోయి నూట పందొమ్మిది రోజులైందని. ఆ అమావాస్య పొద్దున నా మొగుడు అంకన్న తేనె డబ్బాలు భుజాన వేసుకుని సంతకు బయల్దేరాడు. గీత మారే రోజు, పోవద్దన్నాను. మాపటికి వస్తానన్నాడు. మధ్యాహ్నం కొత్త గీత వచ్చి సరిగ్గా దారి మీద పడింది. అప్పటి నుంచి ఆయన లోయ అవతల చెక్‌పోస్టు షెడ్డులో ఉంటున్నాడు. మేం ఇవతల ఉన్నాం. మధ్యలో అది ఉంది.

124వ రోజు

రోజూ పన్నెండింటికి అంకన్న అవతలి గట్టెక్కి ఎర్ర తువ్వాల ఊపుతాడు. నేను ఇవతల నుంచి కొంగు ఊపుతాను. దుర్భిణి పెట్టుకుంటే ఆయన గడ్డం మాసిందా లేదా కూడా తెలుస్తుంది. తర్వాత వైర్‌లెస్‌లో పది నిమిషాలు. పదో నిమిషం నిండగానే దానంతటదే ఆగిపోతుంది. ఇవాళ ఆయన "అమ్మకు చెప్పు" అన్న దగ్గర ఆగింది. ఏం చెప్పాలో రేపటిదాకా తెలియదు. అత్త మాత్రం పొద్దుగూకేదాకా నన్ను అడుగుతూనే ఉంది.

గాలిబండి, అదే హెలికాప్టర్, ఎక్కి మేమే ఆయన దగ్గరికి పోవచ్చు. కచేరీ అడిగినదే తడవు పంపిస్తుంది. కానీ అది బయటికి తీసుకుపోతుంది, లోపలికి తీసుకురాదు. ఎక్కినవాళ్లకు మైదానంలో కాలనీ గది ఇచ్చి గూడెంలో పేరు కొట్టేస్తారు. ఖాళీ పడిన ఇంటి నేల పెద్దదానికి పోతుంది. ఒక ఇంటి నేల పోతే పక్కింటి గుమ్మం గీత మీదికి వస్తుంది. అందుకే ఎవరు ఎక్కుతారా అని ఒకరినొకరు కాపలా కాస్తున్నాం.

మా అత్త పోతమ్మను అడిగి చూశాను. ఎక్కిస్తే నడిమిట్ల దుంకుతానంది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

131వ రోజు

మా తమ్ముడు గురవడు ఇవాళ వేటపాలు తెచ్చాడు. దుప్పి ముందుకాలు. పదహారు ఇళ్లకు పంచితే ఇంటికి పిడికెడు ముక్కలు వచ్చాయి. గడ్డలు తవ్వుకునే నేల గీతలోకి పోయింది. పదిహేను రోజులకోసారి కచేరీ పైనుంచి పడేసే బియ్యం వారానికే అయిపోతున్నాయి. అందుకని ఈ పిడికెడు ముక్కలే పండగ.

వేటపాలు మా తాతల నాటిది. పెద్దది చంపి, తిన్నంత తిని, నీళ్లకు పోయినప్పుడు మా మనిషి ఒక్కడు పోయి కుడి ముందుకాలు మాత్రం కోసుకుంటాడు. మిగతా దాని మీద పచ్చికొమ్మ కప్పి, "అక్కా, మా పాలు మేం తీస్కున్నం, మిగిలింది నీదే" అని చెప్పి వెనక్కి చూడకుండా వస్తాడు. చట్టం రాసినవాళ్లు మా హక్కులన్నీ తీసేసి ఈ ఒక్కటి మాత్రం ఆచారమని ఉంచారు. నేను అడిగితే కచేరీ గురవడి కడియాన్ని రెండు గంటలపాటు వదులుతుంది. వేట ఎక్కడుందో గట్టు మీద నుంచి చెప్పేది నేనే. నేను చెప్పకపోతే వాడు అడవిలో గుడ్డివాడు.

నా పుస్తకంలో ఇలాంటి రోజుల పక్కన చిన్న సున్నా చుడతాను. కడుపు నిండిన రోజులు గుర్తుండాలని.

137వ రోజు

గీత ఎందుకిలా మీదికి వస్తోందని కచేరీలో కృపాకర్ సార్‌ను అడిగాను. మర్యాదస్థుడు, విసుక్కోడు. రెండేళ్లుగా వానల్లేవు, గడ్డి లేదు, జింకలు తగ్గాయి, మేత దొరికే అడవిలో పులికి కాస్త నేల చాలు, దొరకని అడవిలో దానికి ఎంతయినా చాలదు అని వివరించాడు. ఉత్తరాన ఒక మగది, పడమరా దక్షిణమూ రెండు ఆడవి. ఆ మూడూ తమ నేలను చెట్టు చెట్టుకీ వాసన పెట్టి కాచుకుంటున్నాయి. మా పెద్దది అటు పోతే చంపేస్తాయి. మిగిలింది తూర్పు. తూర్పున పులి లేదు, మేమున్నాం. మేం దానికి అడ్డమే కాము.

మరి ఏం చేయాలని అడిగితే వాన పడాలన్నాడు. ఆ మాట చెప్పడానికి కచేరీ ఎందుకు, మా అత్త చెబుతుంది.

148వ రోజు

అమావాస్య. 1,180 అడుగులు.

ఊట లోపలికి పోయింది. ఇప్పచెట్లు పోయాయి. మా మామ సమాధి పోయింది. అత్త అక్కడిదాకా నడిచి, కడియం జుయ్‌మనగానే ఆగి, పది అడుగుల ఇవతలే కూర్చుని మామతో కాసేపు మాట్లాడి వచ్చింది. ఏం మాట్లాడావని అడిగితే, జరుగుమని చెప్పి వచ్చానంది.

ఇప్పుడు ఎవరి పొయ్యి పొగ అయినా అందరి కళ్లలోకే వస్తోంది. ఎవరు దగ్గినా ఎవరో చెప్పగలను. పిల్లలు ఆడుకుంటూ మట్టిలో గీత గీసి, అందులో నిలబడి, రోజూ కాస్త లోపలికి గీసుకుంటున్నారు. చివరికి ఒక్క కాలు పట్టేంత చోటు మిగిలితే ఒంటికాలి మీద నిలబడి నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. నాకు భయంగా ఉంది, ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

అంకన్నకు 1,180 అని చెప్పలేదు. ఏమీ మారలేదన్నాను. తువ్వాల ఊపేవాడికి అంతకంటే ఏం చెబుతాం.

155వ రోజు

నాలుగు రోజుల కింద వేటపాలు తెచ్చిన గురవడు బండ మీద జారి చీలమండ బెణికించుకున్నాడు. పెద్దది వాగు దగ్గర కణుజును పడేసింది. అంత పెద్ద జంతువు! వేటపాలు తేవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. రోజూ తొడలు చరిచే మగవాళ్లందరికీ ఉన్నట్టుండి నడుంనొప్పులు వచ్చాయి. గంజి తాగి పడుకున్నాం.

160వ రోజు

పెద్దది ఇంకా అక్కడే ఉంది.

ఐదు రోజులైంది. తింటుంది, నీడన పడుకుంటుంది, నీళ్లు తాగి వచ్చి మళ్లీ తింటుంది. మా దిక్కు తల కూడా తిప్పలేదు. మొదటిరోజు దానికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మూడోరోజు నా పుస్తకం తీశాను. ఐదోరోజు, అంటే ఇవాళ, దాన్ని విసిరికొట్టి మళ్లీ తెచ్చుకున్నాను.

సున్నా చుట్టిన రోజులు పదకొండు. ఆ పదకొండుసార్లూ గురవడు కాలు కోసుకొచ్చిన పూటే పెద్దది వేటను వదిలేసి నడిచింది. పదకొండింట్లో ఏడుసార్లు మా దిక్కుకే నడిచింది. మేం ఒక్క కాలే తెచ్చుకున్నాం అనుకున్నాం. అది మా మనిషి వాసన పసిగట్టి మొత్తం వదిలేసిపోయింది. పచ్చికొమ్మ కింద మాంసం కుళ్లిపోయింది. మళ్లీ ఆకలి, మళ్లీ నడక, మళ్లీ గీత. గీత దగ్గరికి వచ్చేకొద్దీ మా గడ్డల నేల తగ్గింది. అది తగ్గేకొద్దీ గురవణ్ణి ఇంకా ఎక్కువసార్లు పంపాం.

తాతల కాలంలో ఇది ఎవరికీ తెలిసి ఉండదు. అప్పుడు పక్క పొదలోనే ఇంకో దుప్పి ఉండేది. ఒకటి వదిలేసినా నాలుగు అడుగుల్లో ఇంకొకటి దొరికేది.

చోటు చెప్పింది నేను. పదకొండుసార్లూ నేనే. అంకన్నను అవతల పెట్టి తాళం వేసింది పెద్దది కాదు.

161వ రోజు

గూడెం అంతా కూర్చున్నాం. పుస్తకం చదివి వినిపించాను. గురవడికి కోపం వచ్చింది. బెణికిన కాలు మీదే లేచి నిలబడ్డాడు.

"తాతల పాలు తప్పంటవా అక్కా? ఆళ్లు మనకు ఇడిసిపెట్టిందే అదొక్కటి. అది గూడ మనమే ఇడిసిపెడ్తమా?"

వాడన్నది అబద్ధం కాదు. కృపాకర్ సార్‌ను అడిగి తెలుసుకున్నాను. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా వాడుకోని హక్కు కాగితాల్లోంచి పోతుంది. మళ్లీ రాయరు. ఆ మాట కూడా గూడెం ముందు దాచకుండా చెప్పాను. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఆకలి మీదున్నారు. ఆకలి మీదున్నవాళ్లను ఇంకాస్త పస్తుండమని అడగడం నాకూ చేతకాలేదు.

అత్త లేచి ఇంట్లోకి పోయింది. వేటపాలు కోసే కత్తి మా ఇంటి చూరులోనే ఉంటుంది. అది తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నా కొడుకు దారెంబడి నడ్సుకుంట రావాలె," అంది. "ఒక్క కూర లేకుంటే సస్తమా?"

కత్తిని గోనెగుడ్డలో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

177వ రోజు

అమావాస్య. 1,180. మళ్లీ నడిచాను. 1,180.

గీత కదలలేదు. అందరం వానలో తడిసినవాళ్లలా ఊరికే అటూ ఇటూ తిరిగాం. గురవడు నా దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా దుర్భిణి అద్దాలు తుడిచి పెట్టి పోయాడు. వాడి క్షమాపణ అలాగే ఉంటుంది.

కృపాకర్ సార్ నిబంధనలన్నీ వరుసగా చదివాడు. ఇవాళ్టి నుంచి వచ్చే అమావాస్య దాకా పెద్దది దారి మీద అడుగు పెట్టకపోతే దారి తెరుస్తారు. అలా మూసి తెరిచిన దారిని ఇక మళ్లీ మూయరు. అయితే దారి మూసి ఉన్నప్పుడు పెద్దది పిల్లతల్లి అని నమోదైతే, పిల్లలున్న చోటు చుట్టూ కోసు దూరంలో ఏ దారినీ రెండేళ్లు ఎవరికీ తెరవరు. సరే సరే అన్నాను. నా చెవుల్లో దారి తెరుస్తారన్న మాటే తిరుగుతోంది.

అంకన్నకు ఇవాళ అన్నీ చెప్పాను. వేటపాలు మానేశామని వినగానే తనూ చెక్‌పోస్టు వాళ్లు పెట్టే మాంసం ముట్టనన్నాడు. నువ్వు మానేస్తే పెద్దదానికి ఏం ఒరుగుతుందని తిట్టాను. నవ్వాడు. ఆరు నెలల తర్వాత ఆయన నవ్వు విన్నాను.

190వ రోజు

ఒళ్లు తేలిగ్గా ఉంది, మెట్టు ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి. చింతచిగురు, గంజి, ఎప్పుడైనా ఉడుము. బాలింతలకు ముందు పెట్టి తర్వాత మిగతావాళ్లం తింటున్నాం. అయినా ఎవరూ కత్తి అడగలేదు.

పెద్దది దారి తొక్కలేదు. వాగు పక్కనే వేట, నాలుగేసి రోజులు అక్కడే మకాం. అది నడిచే నేల సగానికి తగ్గిందని కృపాకర్ సార్ ఆశ్చర్యపోయాడు. వాన కూడా పడలేదే అన్నాడు. వేటపాలు మానిన సంగతి విడమరిచి చెప్పాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

అత్త రోజూ వాకిలి ఊడుస్తోంది. ఇంకా పదిహేడు రోజులున్నాయని చెబితే, దుమ్ముకు అమావాస్య తెలుసా అంటుంది.

206వ రోజు

రేపు అమావాస్య.

పొద్దున గట్టెక్కి దుర్భిణి పెట్టాను. దారి మలుపు కింద, దారికి నలభై అడుగుల లోతులో, బండల మధ్య ఒక గుహ ఉంది. వారంగా పెద్దది అక్కడే మసలుతోంది. ఏదో వేటను దాచుకుందని కచేరీ పుస్తకంలో రాశాను. ఇవాళ అది నోట ఏదో కరుచుకుని ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి వచ్చింది. కుందేలనుకున్నాను. కుందేలును అంత మెల్లగా కరుచుకోదు. దాన్ని నీడలో దింపి నాకింది. వెనక్కి పోయి ఇంకొకటి తెచ్చింది. మళ్లీ పోయి ఇంకొకటి తెచ్చింది.

మూడు పిల్లలు. కళ్లు ఇప్పుడిప్పుడే తెరిచినట్టున్నాయి.

నేల సగానికి ఎందుకు తగ్గిందో ఇప్పుడు అర్థమైంది. కడుపుతో ఉన్నా, పిల్లలున్నా అది దూరం పోదు. కానీ వాటికి పాలు ఎక్కడివి? కణుజును ఐదు రోజులు నిమ్మళంగా కూర్చుని తిన్నందుకు వచ్చిన పాలు. మేం గంజి తాగి పడుకున్న రాత్రులవి. అలా అనుకోగానే ఏడుపొచ్చింది. సంతోషమో దుఃఖమో నాకే తెలియదు.

ఇప్పుడు నా ముందు రెండు మాటలున్నాయి. సాయంత్రం పిల్లల సంగతి రాస్తే దారి రెండేళ్లు మూత. రేపు మధ్యాహ్నం దారి తెరిచాక రాస్తే దారి మనదే, అంకన్న ఇంట్లో ఉంటాడు. ఒక్క రోజు. పుస్తకంలో ఒక్క పేజీ. నేను తప్ప చూసినవాళ్లు లేరు.

కానీ తెరిచిన దారి అంకన్న ఒక్కడికే తెరుచుకోదు. లారీలు వస్తాయి, సంతకు పోయేవాళ్లు పోతారు, హారన్లు, నలభై అడుగుల పైన. అది ఒక్క పూట కూడా అక్కడ ఉండదు. పిల్లల్ని ఒక్కొక్కటిగా కరుచుకుని నడుస్తుంది. తూర్పున మేమున్నాం, పిల్లలతో ఉన్నది మనుషుల దిక్కు రాదు, ఉత్తరానికే పోతుంది. అక్కడ మగది ఉంది. పరాయి పిల్లల్ని మగది ఏం చేస్తుందో మా గూడెంలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు.

గట్టు దిగి అత్తకు చెప్పాను. ఆమె చీపురు పట్టుకుని నిలబడి అంతా విన్నది. ఏం చేయమంటావని అడిగాను.

"ఆడు నా కొడుకు," అంది. "నన్నెందుకు అడుగుతున్నవ్ పిల్లా?"

చీపురు గోడకు ఆనించి లోపలికి పోయింది.

మధ్యాహ్నం అంకన్న గడ్డం గీసుకుని వచ్చాడు. దుర్భిణిలో బుగ్గలు లోతుగా కనిపించాయి. మూట కట్టేశాడట, అమ్మకు శాలువా కొన్నాడట, నాకేం కొన్నాడో చెప్పడట. "రేపు ఈ యాళకు ఇంట్ల ఉంట," అన్నాడు. ఊఁ అన్నాను. పది నిమిషాలూ ఊఁ అంటూనే ఉన్నాను. ఆయనకు అనుమానం రాలేదు. సంతోషంగా ఉన్నవాళ్లకు రాదు.

సాయంత్రం కచేరీ పుస్తకం తెరిచి రాశాను. ఆడ-47, దారి మలుపు కింది గుహ, పిల్లలు మూడు, తల్లి ఆరోగ్యంగా ఉంది. వైర్‌లెస్‌లో చదివాను. కృపాకర్ సార్ రెండోసారి చదవమన్నాడు. చదివాను. మీ ఆయన వచ్చేది ఈ దారినే కదమ్మా అని మెల్లగా అడిగాడు. అవునన్నాను.

207వ రోజు

అమావాస్య. 1,730 అడుగులు. ఊట తిరిగి వచ్చింది, మామ సమాధి తిరిగి వచ్చింది. దారి రాలేదు. వేటపాలు హక్కు కూడా ఇవాళ్టితో కాగితాల్లోంచి పోయింది. గురవడు వచ్చి చూరులో కత్తి ఉండే చోటును చూసి, ఖాళీగా ఉందని గుర్తొచ్చి, తల దించుకుని పోయాడు.

పన్నెండింటికి తువ్వాల కనిపించలేదు. వైర్‌లెస్ మాత్రం మోగింది. చెక్‌పోస్టు వాళ్లు ఆయనకు అప్పటికే చెప్పేశారు. నేను చూసిందంతా చెప్పాను, గుహ, నోట కరుచుకు రావడం, లారీలు, మగది. తొమ్మిదో నిమిషంలో అడిగాడు.

"ఒక్క రోజు ఆగలేకపోయినవా, ఈదీ?"

పదో నిమిషం నిండేదాకా వైర్‌లెస్‌ను చెవికి ఆనించుకునే ఉన్నాను. తర్వాత దానంతటదే ఆగిపోయింది.

208వ రోజు

తువ్వాల లేదు. వైర్‌లెస్ మోగలేదు.

209వ రోజు

లేదు.

210వ రోజు

లేదు. అత్త వాకిలి ఊడవలేదు. నాతో మాట్లాడటం మానలేదు, కానీ నా మొహం చూసి మాట్లాడటం లేదు. ఆయన ఆ షెడ్డు వదిలి మైదానానికి పోయి ఉంటాడనిపిస్తోంది. పోతే తప్పు పట్టను. పట్టనని రాశాను కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు.

211వ రోజు

గట్టెక్కాను. అవతల ఎవరూ లేరు. గుహ దిక్కు చూడబుద్ధి కాలేదు. అయినా చూశాను, అది నా పని. మూడింట్లో ఒకటి తల్లి తోకను పట్టుకుని లాగుతోంది. కాసేపు వాటిని తిట్టుకున్నాను. తర్వాత అలాగే చూస్తూ కూర్చున్నాను.

212వ రోజు

పన్నెండింటికి ఎర్ర తువ్వాల.

కొంగు ఊపడం కూడా మరిచిపోయి నిలబడిపోయాను. గడ్డం మళ్లీ మాసింది. ఊపడం లేదు, ఊరికే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను కొంగు ఊపాక అప్పుడు ఊపాడు. వైర్‌లెస్ మోగింది. కోపం తగ్గిందా అని అడగలేదు, తగ్గలేదని తెలుస్తూనే ఉంది.

"మూడూ ఉన్నయా?" అని అడిగాడు.

"ఉన్నయి," అన్నాను.

"చిన్నదానికి పాలు అందుతున్నయా? చూడు, చిన్నదాన్ని మిగిలినయి తోసేస్తయి."

దుర్భిణి అటు తిప్పి, చూసి, అందుతున్నాయని చెప్పాను. మిగిలిన ఎనిమిది నిమిషాలూ ఆయన అడుగుతూ ఉన్నాడు, నేను చూసి చెబుతూ ఉన్నాను.